అంచు తగిలిన బంతి

ఆ ఇంట్లో అందరికీ ఒకేసారి సెలవులు రావడం ఏడేళ్ళలో అదే మొదటిసారి. స్టేడియంలో పాత చెక్క నేల ఊడదీసి కొత్తది వేస్తున్నారు కాబట్టి టేబుల్ టెన్నిస్ అంపైరుకు పది రోజులు పని లేదు. అదే పది రోజులు కూతురి బడికి సెలవులు. మందుల షాపులో పనిచేసే భార్య యజమానితో పోట్లాడి మరీ ఆ పది రోజులూ ఇంట్లో ఉండేట్టు చేసుకుంది. ఇక అంపైరు అత్తగారికి ఏడాది పొడుగునా సెలవే గనక ఆవిడ ఎవరినీ అడగక్కర్లేకపోయింది.

ఎక్కడికైనా వెళదామంటే టిక్కెట్లు దొరకలేదు. "పోతే పోనీ. పొద్దున ఊరంతా తిరుగుదాం, సాయంత్రం ఇల్లంతా ఆడుకుందాం" అని కూతురు తీర్మానం చేసి, ఒక అట్ట మీద పది గళ్ళు గీసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. గడికో షికారు, గడికో ఆట. పదో గడి మాత్రం ఖాళీగా వదిలేసింది. నాలుగో రోజున జరిగే టేబుల్ టెన్నిస్ ఫైనల్లో ఎవరు గెలిస్తే పదో రోజు వాళ్ళ ఇష్టం. దానికి ఇంటి కప్పు అని పేరు కూడా పెట్టింది. కప్పు మాత్రం అత్తగారు కాఫీ తాగేదే.

కూతురికి పన్నెండేళ్ళు. కాలు ఒకచోట నిలవదు కాబట్టి పిడుగు అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ పిడుగు గెలిస్తే ఏం అడుగుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ స్టేడియానికి వెళ్ళాలి, నాన్నా అమ్మా అసలైన బల్ల మీద ఆడాలి, తను అంపైరు కుర్చీలో కూచుని తీర్పులు చెప్పాలి. రెండేళ్ళుగా దాని కోరిక అదొక్కటే. నీలం అట్ట వేసిన నోటు పుస్తకంలో ఆట నియమాలన్నీ రాసుకుంటోంది. నాన్న అన్నం తింటూ చెప్పినవీ, బస్సులో చెప్పినవీ, చెప్పి మరిచిపోయినవీ అందులో ఉన్నాయి. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉన్నది ఇది: బంతి నీ వైపు అంచుకు తగిలితే, నీకు నష్టమైనా సరే, ఎవరూ చూడకపోయినా సరే, చెయ్యెత్తి చెప్పాలి.

ఇక ఆ నాన్న సంగతి. స్టేడియంలో ఆయన్ని శిలాశాసనం అంటారు. మొదట్లో వెనక అనేవాళ్ళు, ఇప్పుడు మొహమ్మీదే అంటున్నారు, ఆయన కూడా పలుకుతున్నాడు. పంతొమ్మిదేళ్ళలో ఇచ్చిన తీర్పు ఒక్కటి కూడా వెనక్కి తీసుకున్న మనిషి కాదు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం కూడా కాదు, అంతకన్నా ఒక మెట్టు పైన. నాలుగో కాలు చూపిస్తే, అయితే అది కుందేలు కాదంటాడు. దానివల్ల ఆయనకు పేరొచ్చింది. పేరొచ్చాక దాన్ని మోయడం తప్పలేదు.

మొదటి మూడు రోజులూ ఎలా గడిచాయో తెలియదు. జంతువుల పార్కులో పిడుగు కోతుల్ని అనుకరిస్తే కోతులు పిడుగును అనుకరించాయి. సినిమాకి వెళ్ళి అత్తగారు సగంలో నిద్రపోయి, లేచి, కథ అంతా కొత్తగా అల్లి చెప్పారు. అది అసలు కథకన్నా బావుంది. సాయంత్రాలు తాడాట, దాగుడుమూతలు, గుండీలతో గురి కొట్టడం. ఇన్నేళ్ళూ ఆటలన్నీ పరాయి పిల్లలవి చూస్తూ కూచున్నానే అని ఆయనకు రెండో రోజే అనిపించింది. ఆ మాట భార్యతో అన్నాడు కూడా. "ఇప్పటికైనా తెలిసింది, సంతోషం. ఆ తువ్వాలు తీగ మీద వెయ్యండి" అందామె.

నాలుగో రోజు సాయంత్రం నాన్నకూ పిడుగుకూ ఫైనల్. భోజనాల బల్లకు అడ్డంగా బడి పుస్తకాలు నిలబెట్టి నెట్ కట్టారు. నీలం నోటు పుస్తకం సరిగ్గా మధ్యలో ఉంది. ఉప్పు డబ్బా, పచ్చడి సీసా కిటికీ గట్టెక్కాయి.

"మరి అంపైరెవరు?" అంది భార్య.

"ఇంకెవరు? నేనే" అన్నాడాయన బ్యాటు తుడుచుకుంటూ.

"ఆడేదీ మీరే, తీర్పు చెప్పేదీ మీరేనా? దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది."

"ఈ ఇంట్లో పరీక్ష పాసైన అంపైరు ఇంకెవరున్నారు చెప్పు?"

"నాన్నే ఉండనీ అమ్మా. నాన్న తప్పు చెప్పడు" అంది పిడుగు. ఆ మాట ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు. ఆయన మాత్రం తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకున్నాడు.

అత్తగారు కుర్చీ లాక్కుని ఫోను పట్టుకుని కూచున్నారు. వీడియో తీయడం ఆవిడ ఈ మధ్యే నేర్చుకున్నారు. నేర్చుకున్నారంటే బొత్తాం ఎక్కడుందో తెలిసింది. ఆవిడ తీసిన వాటిలో సగం ఆవిడ బొటనవేలు, మిగతా సగం పంకా.

ఆట పదికి పది దాకా వచ్చింది. రెండు పాయింట్లు ముందుంటేగాని గెలుపు లేదు. పిడుగు ఒకటి కొట్టి పదకొండు చేసింది. ఇంకొక్కటి చాలు. ఆయన అసలు వదిలిపెట్టి ఆడటం లేదు, ఆ సంగతి చెప్పుకోవాలి. కూతురని జాలిపడి ఓడిపోతే దానికే అవమానమని ఆయన నమ్మకం. పిడుగు సర్వీసు చేసింది, ఆయన తిప్పి కొట్టాడు, అది ముని వేళ్ళ మీద లేచి, ఉన్న బలమంతా పెట్టి ఒక్కటిచ్చింది. బంతి ఆయన ఎడమచేతి మూలన టిక్కుమని, బ్యాటుకు అందకుండా పోయింది.

బల్ల పైఅంచుకు తగిలితే బంతి మంచిదే, పాయింటు కొట్టినవాళ్ళది. అంచుకు దిగువన, పక్క చెక్కకు తగిలితే ఔట్. రెంటికీ మధ్య గోరంత తేడా. పైఅంచుకు తగిలింది కాస్త ఎగురుతుంది, పక్కకు తగిలింది జారిపోతుంది.

"పక్క చెక్క. ఔట్" అన్నాడాయన.

"అంచు నాన్నా! పైకి లేచింది, నేను చూశా!"

"పక్క చెక్క. పదకొండు, పదకొండు. ఆడు."

పిడుగు రెండు క్షణాలు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత బంతి ఏరుకొచ్చింది. మిగతా రెండు పాయింట్లూ దానికి బ్యాటు చేతిలో నిలవలేదు. పదమూడు, పదకొండు. అత్తగారి కాఫీ కప్పు ఆయన చేతికొచ్చింది.

ఇంతవరకూ ఆయన తప్పేమీ లేదు. ఆ క్షణంలో ఆయనకు పక్క చెక్కే అనిపించింది. అనిపించిందే చెప్పాడు. కళ్ళున్నవాడెవడైనా ఎప్పుడో ఒకప్పుడు పొరపడతాడు, అందులో వింత లేదు.

చీకటి పడకముందే అత్తగారు ఫోను తెచ్చి చేతిలో పెట్టారు. "బాబూ, ఈసారి నా వేలు అడ్డం రాలేదు, చూడు, ఎంత బాగా వచ్చిందో!" నిజంగానే బాగా వచ్చింది. బల్లా, పుస్తకాలూ, ఆయన ఎడమచేతి మూలా స్పష్టంగా ఉన్నాయి. ఆయన ఆఖరి పాయింట్ల దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూశాడు. బంతి మూలకు వచ్చింది. తగిలింది. వేలెడు పైకి ఎగిరింది. నాలుగుసార్లు చూశాడు. నాలుగుసార్లూ ఎగిరింది.

అప్పుడే లేచి గదిలోకి వెళ్ళి "అమ్మాయ్, నువ్వే గెలిచావు" అని ఉంటే ఈ కథ చెప్పుకోవాల్సిన పనే లేదు. లేవబోయాడు కూడా. ఇంతలో వంటింట్లోంచి భార్య ఫోనులో ఎవరితోనో అంటున్న మాటలు వినిపించాయి. "మా ఆయన సంగతి తెలియందేముంది? సొంత కూతురికి కూడా ఒక్క పాయింటు వదల్లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆ విషయంలో మాత్రం దేవుడే." ఆ గొంతులో గర్వం ఉంది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆమె ఆయన గురించి అలా మాట్లాడగా ఆయన వినలేదు.

ఆయన మళ్ళీ కూచున్నాడు. బొటనవేలు ఒకచోట నొక్కాడు. తీసెయ్యాలా అని అడిగింది ఫోను. తీసెయ్యమన్నాడు.

"అత్తయ్యా, ఫోను నిండిపోయింది. పనికిరానివి కొన్ని తీసేశాను" అన్నాడు ఇచ్చేస్తూ.

"చల్లగా ఉండు బాబూ. నిజమే, చేతిలో తేలిగ్గా ఉంది" అన్నారావిడ.

మర్నాటి నుంచి ఆయనకు కూతురి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. మ్యూజియంలో అది ఏ అద్దం ముందు నిలబడితే అక్కడ తనూ నిలబడ్డాడు. బస్సులో కిటికీ సీటు దానికే. ఐస్ క్రీమ్ ఒకటి తింటానంటే రెండు కొన్నాడు. "ఏమిటీ, అంపైరుగారు ఇవాళ కరిగిపోతున్నారు?" అంది భార్య. పిడుగు రెండో ఐస్ క్రీమ్ అమ్మమ్మకిచ్చేసింది.

ఆరో రోజు చెరువు దగ్గరికి వెళ్ళారు. తొక్కుడు పడవలో ఇద్దరికే చోటు. "నేను నాన్నతో ఎక్కుతా" అని పిడుగు ముందే చెప్పేసింది. ఆయన సంతోషించాడు. గండం గడిచిందనుకున్నాడు. నడి నీళ్ళలోకి వెళ్ళాక పిడుగు తొక్కడం ఆపింది.

"నాన్నా, నీ తీర్పు ఎప్పుడైనా తప్పయిందా?"

ఆయన కాళ్ళు తొక్కుతూనే ఉన్నాయి. "ఎందుకడుగుతున్నావు?"

"ఊరికే. నోటు పుస్తకంలో రాసుకుందామని."

తేలు కుట్టిన దొంగకు నోరు ఎలా వస్తుంది? ఆయన నీళ్ళకేసి చూస్తూ, తీర్పు చెప్పాక అనుమానం పెట్టుకుంటే ఆట సాగదనీ, అంపైరు తడబడితే ఆటగాళ్ళు అల్లరి చేస్తారనీ, చాలా విషయాలు చెప్పాడు. అన్నీ నిజమే. ఆ రోజు చెప్పాల్సినవి మాత్రం కావు. పిడుగు చివరిదాకా విని, "సరే" అని, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. నోటు పుస్తకంలో ఏమీ రాసుకోలేదు.

ఒడ్డుకు వచ్చాక చెబుదామనుకున్నాడు. ఒడ్డున అత్తగారు చెప్పు పారేసుకుని ఉన్నారు. ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాడు. ఇంటికెళ్ళేసరికి అందరూ అలసిపోయారు. చెప్పదలచుకోని మాటకు సందు ఎప్పుడూ దొరకదు, ఈ సంగతి ఆయనకూ తెలుసు.

ఎనిమిదో రోజు వాన. బయటికెళ్ళే దారి లేక చీటీల ఆట పెట్టుకున్నారు. రాజు, మంత్రి, పోలీసు, దొంగ. అందరూ చీటీలు తీశారు. ఆయన మడత విప్పితే దొంగ. పోలీసు చీటీ పిడుగుకు వచ్చింది. ఈ ఆటలో పిడుగును మించినవాళ్ళు లేరు. నాన్నకు దొంగ వస్తే చెవులు ఎర్రబడతాయని దానికి ఎప్పటినుంచో తెలుసు, ఒక్కసారి కూడా వదల్లేదు.

ఈసారీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చెయ్యి దానంతటదే చెవి మీదికి వెళ్ళింది. పిడుగు ఆయనకేసి చూసింది. చాలాసేపు చూసింది.

"అమ్మమ్మ" అంది చివరికి.

"నేనా! రాజునే నేను! చూసుకో!" అని అత్తగారు చీటీ విసిరేశారు. భార్య పడీపడీ నవ్వింది. "పోలీసుగారికి ఇవాళ కళ్ళు మసకలేసినట్టున్నాయి" అంది. పిడుగు కూడా నవ్వింది. నాన్న చేతిలోని చీటీ మాత్రం అడిగి తీసుకుని, మడిచి, డబ్బాలో వేసింది.

తొమ్మిదో రోజున స్టేడియం నుంచి ఫోనొచ్చింది, నేల పని అయిపోయిందని. ఆయన ప్రాణం లేచి వచ్చింది. గెలిచినవాడి హక్కుతో పదో రోజు దాని కోరికే తీర్చేస్తే లెక్క సరిపోతుందని తోచింది. తప్పు ఒప్పుకోకుండా తప్పు దిద్దుకోవడానికి ఇంతకన్నా మంచి దారి ఏముంటుంది! వాచ్‌మన్‌తో మాట్లాడి తాళాలు ఏర్పాటు చేసుకున్నాడు. వంటింట్లో గ్లాసులు తుడుస్తున్న కూతురి దగ్గరికి వెళ్ళి, చల్లటి కబురు చెబుతున్నట్టు చెప్పాడు.

"రేపు స్టేడియం. నేనూ అమ్మా ఆడతాం. కుర్చీలో నువ్వు."

పిడుగు చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఇంకేదో వినడానికి చూస్తున్నట్టు నిలబడింది.

"అంతేనా నాన్నా?"

"అంతే. ఇంకేం కావాలి?"

"అయితే వద్దులే. గెలిచింది నువ్వు కదా. నీకేం కావాలో అది పెట్టుకో."

"నాకు కావాల్సిందీ అదేనే..."

"నాకు కుర్చీ వద్దు నాన్నా" అని అది గ్లాసు బోర్లించి వెళ్ళిపోయింది. రెండేళ్ళుగా కుర్చీ కుర్చీ అని ప్రాణం తీసిన పిల్ల. ఆయన తుడిచిన గ్లాసులే మళ్ళీ తుడిచాడు.

పదో రోజు ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. ఫ్రిజ్ మీద పదో గడి ఖాళీగానే ఉండిపోయింది. భార్య మర్నాటికి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. అత్తగారు కుర్చీలోనే కునుకు తీస్తున్నారు. మధ్యాహ్నం ఎండ బల్ల మీద పడుతుంటే, ఆయన తనే పుస్తకాలు తెచ్చి నెట్ కట్టాడు. నీలం నోటు పుస్తకం మధ్యలో పెట్టాడు. "ఒక్క ఆట ఆడదామా? పందెం లేదు, ఏం లేదు" అన్నాడు. ఇవాళ చెప్పేస్తాను, ఆట మధ్యలో, నవ్వుతూ చెప్పేస్తాను అనుకున్నాడు. ఆ మాట మటుకు నిజం. ఆయన ఆ రోజు చెప్పేవాడే.

ఆడారు. పిడుగు బాగానే ఆడింది, అరుపులు లేవంతే. మూడుకు మూడు దగ్గర ఆయన కొట్టిన బంతి బల్లకు జానెడు ఎడంగా పోయి గోడకు తగిలింది. అంచూ లేదు, పక్కా లేదు. గుడ్డివాడికైనా తెలుస్తుంది.

పిడుగు చెయ్యెత్తింది. "అంచు తగిలింది. పాయింటు నీదే."

"ఎక్కడ తగిలిందే? అంత దూరంగా పోతే!"

"తగల్లేదా?"

"తగల్లేదు. పాయింటు నీది."

"సరిగ్గా చూశావా నాన్నా?"

"చూశానమ్మా."

"మరి ఆరోజు అమ్మమ్మ ఫోనులో కూడా సరిగ్గా చూశావు కదా" అంది పిడుగు.

ఆయన చేతిలో బ్యాటు బల్లను తాకింది.

"అమ్మమ్మ ముందు నాకే చూపించింది. నాన్నకి చూపించు, నాన్నే చెప్తాడు అని నేనే పంపించా. మళ్ళీ వెళ్ళి చూస్తే అది లేదు." దాని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆయన ఏదో ఒకటి అనగలిగేవాడు. "తప్పు చెప్తే ఏమవుతుంది నాన్నా, పొరపాటే కదా. నాకు ఓడిపోయినందుకు బాధ లేదు. చెప్తావని చూశా. పడవలో అడిగా కూడా."

"చెబుదామనే అనుకున్నానమ్మా. ఇవాళ చెప్పేద్దామనే..."

"అవునా" అంది పిడుగు. ఆ మాటను అది నమ్మిందో లేదో ఆయనకు తెలియలేదు. తీర్పుల మీద బతికిన మనిషికి ఆ మొహంలో తీర్పు చదవడం చేతకాలేదు. పంతొమ్మిదేళ్ళలో ఎంతమంది తన ఎదురుగా నిలబడి, చూశారా సార్, సరిగ్గా చూశారా అని బతిమాలారో ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఎవరికీ జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుదామన్నా వాళ్ళెవరూ ఇక్కడ లేరు, ఉన్న ఒక్కతీ జవాబు కోసం ఆరు రోజులు ఎదురుచూసి మానుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

అయినా పట్టుకున్నాడు. తన వైపు మూల దగ్గర నిలబడి, ఓడిన ఆటగాడు చేసినట్టే చెయ్యెత్తాడు.

"అంచు తగిలింది. పాయింటు నీదే. నువ్వే గెలిచావు."

పిడుగు తల ఊపింది. అది నెట్‌లోని పుస్తకాలు ఒక్కొక్కటే తీసి బడి సంచీలో సర్దుకోవడం మొదలుపెట్టింది. రేపు బడి ఉంది. లెక్కలు, చరిత్ర, అట్లాసు, అన్నీ సంచీలోకి వెళ్ళాయి. నీలం నోటు పుస్తకం ఒక్కటే చేతిలోకి తీసుకుని, మొదటి పేజీ తెరిచి చూసి, మూసి, బల్ల మీద ఆయన వైపుకు జరిపింది.

"ఇది నువ్వుంచుకో నాన్నా. అన్నీ నువ్వు చెప్పినవే కదా."

సంచీ జిప్పు చప్పుడుకు అత్తగారికి మెలకువ వచ్చింది. ఫోను కోసం ఒళ్ళో తడుముకుంటూ లేచి కూచున్నారు.

"అయ్యో, అయిపోయిందా? నన్ను లేపలేదేం? ఎవరు గెలిచారే?"

పిడుగు సంచీ భుజానికి తగిలించుకుంది.

"నాన్నే అమ్మమ్మా" అంది. "ఎప్పటిలాగే."

గదిలోకి వెళ్ళి తలుపు మెల్లగా వేసుకుంది. ఆయన ఎత్తిన చెయ్యి ఇంకా అలాగే ఉంది.